ఆవు ఇంటిపేరు

మా అమ్మ పోయే ముందు రెండే రెండు కోరికలు చెప్పింది. మొదటిది తన చీరల పంపకం. దాని మీద ఎవరికీ మాటా మాటా రాలేదు. రానిస్తుందా? ఒక్కొక్క చీర కొంగుకీ చిన్న కాగితం ముక్క గుచ్చి, దాని మీద పేర్లు కూడా రాసి పెట్టుకుంది మహాతల్లి. రెండో కోరికే మా అందర్నీ తిప్పలు పెట్టింది.

“ముఖలింగంలో స్వామి దగ్గర నా పేరున దీపం వెలిగించండర్రా. మన ఆవు నేతితో” అంది.

స్వామి ఎవరో తెలుసు. దీపం అంటే తెలుసు. ఇంతకీ “మన ఆవు” అంటే ఏ ఆవు?

అమ్మ పుట్టిల్లు శ్రీముఖలింగానికి దగ్గరలోనే, వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడ ఇప్పుడు మా మామయ్యా అత్తా ఉంటున్నారు. రిటైరయ్యాక మామయ్య చదివే పేపర్లు ఎక్కువయ్యాయి, ఫోనులో చూసే వీడియోలు మరీ ఎక్కువయ్యాయి. “మన ఆవు అంటే దేశవాళీ ఆవు. మూపురం ఉన్నదే ఆవు. తక్కినవన్నీ పాలిచ్చే జంతువులు” అని ఆయన తీర్పు చెప్పేశారు. అమ్మ సంవత్సరీకం నెల రోజులుందనగా ఏదో సంతకు వెళ్ళి, ఒక దళారి మాట నమ్మి, అరవై వేలు పోసి ఆవుని తోలుకొచ్చారు. అసలు సిసలైన కపిల గోవట. జిల్లా మొత్తం గాలించినా ఇలాంటిది ఇంకోటి దొరకదట. రెండో ఈతట. పూటకు నాలుగు లీటర్లట.

ఆ “పూటకు నాలుగు లీటర్లు” దగ్గరే అత్తకు అనుమానం వచ్చింది. కానీ ముచ్చటపడి తెచ్చుకున్న మనిషిని మొహాన అడగడం ఆవిడ వల్ల కాదు. నేను వచ్చేదాకా ఆగింది. బస్సు దిగి కాళ్ళు కడుక్కున్నానో లేదో, “అమ్మాయ్, ఒక్కసారి పశువుల సాలలోకి రా” అని పిలిచింది.

వెళ్ళి చూశాను. తేనె రంగు ఒళ్ళు. కాటుక దిద్దినట్టు పెద్ద పెద్ద కళ్ళు. నల్లటి మూతి, దాని చుట్టూ తెల్లటి అంచు. పాలు తాగి మూతి తుడుచుకోవడం మరిచిపోయిన చంటిపిల్లలా ఉంది.

“ఎంత ముద్దుగా ఉందో!” అన్నాను.

“ముద్దు సంగతి నేనడిగానా? ఇది ఏ ఆవో చెప్పు. నువ్వు పుస్తకాలు రాసేదానివి కదా?” అంది అత్త.

నిజమే, రాస్తాను. నా నవలల్లో కనీసం నాలుగు ఆవులైనా ఉండి ఉంటాయి. ఇంటి ముందు ఒక ఆవుని కట్టేసి “సాధుజంతువు” అనో, “ముద్దులొలుకుతోంది” అనో రాసేస్తే పల్లెటూరు దానంతటదే వచ్చేసిందనుకునేదాన్ని. ఆ ఆవుకి మూపురం ఉందా లేదా అని ఏ పాఠకురాలూ అడగలేదు, నాకూ తట్టలేదు. బి.ఏ.లో చరిత్ర చదివాను గనక సింధు నాగరికత ముద్రల మీద మూపురం ఉన్న ఎద్దు ఉంటుందని మాత్రం ఎరుగుదును. అంతటితో సరి నా పశు విజ్ఞానం.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆవు భుజాల మీద పెట్టింది. అరచేతి కింద ఇడ్లీ పెట్టినట్టు కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. “దీన్నే మూపురం అనుకుంటున్నారు మీ మామయ్య. మన ఆవు మూపురం వీధి గుమ్మంలోంచి చూసినా కనిపిస్తుంది. ఇలా చేత్తో వెతుక్కోనక్కర్లేదు” అంది. తర్వాత మెడ కింద గంగడోలు చూపించింది. మన ఆవులకు అది గొంతు దగ్గర్నుంచి ముందుకాళ్ళ దాకా చీర కుచ్చెళ్ళలా మడతలు పడి వేలాడుతుంది. దీనికి ఉందా అంటే ఉంది. ఇక మొహం. కళ్ళ మధ్య నుదురు లోపలికి పళ్ళెంలా గుంట పడి ఉంది. వెన్ను మెడ నుంచి తోక దాకా బల్లపరుపుగా ఉంది. మన ఆవుకి వెనక తుంటి దగ్గర ఏటవాలు ఉంటుంది. కొమ్ములు చిన్నవి, లోపలికి వంపు తిరిగినవి. అన్నిటికన్నా పొదుగు. పొదుగు చూసిన తర్వాత అనుమానం అక్కర్లేదంది అత్త. ఆవిడ చదువు అయిదో క్లాసు.

మర్నాడు దూడకి మందు పట్టడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పట్టుమని ముప్ఫై ఏళ్ళు ఉండవు ఆ అమ్మాయికి. స్కూటీ దిగుతూ దిగుతూనే, “జెర్సీ క్రాస్ అండీ. బాగుంది, ఎక్కడ కొన్నారు?” అంది. కపిల గోవు కాదా అని మామయ్య నీరసంగా అడిగారు. “కపిల అన్నది రంగు పేరండీ, జాతి పేరు కాదు. రంగుని ఎప్పుడూ నమ్మకూడదు” అని ఆ అమ్మాయి నాకు చిన్న పాఠం చెప్పింది. మీలో పాలు కొనుక్కునేవాళ్ళకీ, సీసా మీద ఆవు బొమ్మ చూసి మురిసిపోయేవాళ్ళకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

తెలుపూ నలుపూ పెద్ద పెద్ద మచ్చలతో, ఏనుగు పిల్లంత ఉంటే హోల్‌స్టీన్. పాలు దండిగా ఇస్తుంది, వెన్న తక్కువ. ఒళ్ళు చిన్నదై, లేత గోధుమ రంగు నుంచి ముదురు తేనె రంగు దాకా ఉండి, నల్లమూతికి తెల్ల అంచు ఉంటే జెర్సీ. పాలు హోల్‌స్టీన్ కన్నా తక్కువే గానీ వెన్న ఎక్కువ. పాలనురగ లాంటి తెలుపు, ఎత్తయిన మూపురం, పొట్టి మొద్దు కొమ్ములు, నల్లటి తోక కుచ్చు ఉంటే మన ఒంగోలు. నుదురు బోర్లించిన గిన్నెలా ఉబ్బి, చెవులు మడిచిన తమలపాకుల్లా వేలాడుతుంటే గుజరాత్ గిర్. మనిషి నడుము ఎత్తుకు మించకపోతే మన చిత్తూరు వైపు పుంగనూరు. ఇవన్నీ అచ్చమైన జాతుల ఆనవాళ్ళు. సంకరమైన వాటిలో తల్లిపోలిక, తండ్రిపోలిక కలిసిపోయి ఉంటాయి. మా ఆవుకున్న ఆ ఇడ్లీ అంత మూపురం అదే.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. మా వైపు అక్కను అప్ప అంటారు. “అప్ప ఆఖరి మాట కూడా నిలబెట్టలేకపోయాను. దీన్ని సంతకు తోలేస్తాను” అన్నారు చివరికి. ఆయన గొంతు విన్నాక ఎవరికీ నవ్వు రాలేదు. సంవత్సరీకానికి ఇక నాలుగు రోజులే ఉంది. ఆవు మాత్రం ఇవేమీ పట్టనట్టు కుడితి తొట్టిలో మూతి పెట్టి తాగుతోంది.

ఆ సాయంత్రం మనసు బాగోలేక మావారూ నేనూ ముఖలింగం వెళ్ళాం.

మీలో చాలామంది శివరాత్రి వెళ్ళాక చక్రతీర్థ స్నానానికి అక్కడికి వెళ్ళి ఉంటారు. ఆ జనంలో గుడి కనపడదు. మామూలు రోజున వెళ్ళాలి. ఊరు చూస్తే చిన్నది. గుళ్ళు చూస్తే నమ్మబుద్ధి కాదు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు ముగ్గురికీ కళింగ శిల్పుల చేతి పని. మధుకం అంటే ఇప్పచెట్టు. సవరలు నరికిన ఇప్పచెట్టు మొదట్లో ముఖంతో స్వామి వెలిశాడని కథ. అందుకే ముఖలింగం.

గుడి ఎదట నంది దగ్గర ఆగాను. ఇదివరకు ఎన్నిసార్లు వచ్చానో. నంది చెవిలో కోరికలు చెప్పుకున్నాను గానీ నంది మూపురం ఏనాడూ చూడలేదు. అత్త పాఠం తర్వాత మొదటిసారి చూశాను. మూపురం దర్జాగా ఉంది. తూర్పు గాంగులు శివభక్తులు. వాళ్ళ రాగి రేకుల శాసనాలకు గుచ్చిన ముద్ర మీద పడుకున్న నంది ఉంటుంది. వాళ్ళ బంగారు నాణెం ఒకటి ఉంది, చొక్కా గుండీ అంత కూడా ఉండదు, దాని మీదా పడుకున్న మూపురపు ఎద్దే. అంటే మూపురం అనే ఆనవాలు ఈ నేలన రాజముద్రన్నమాట. మామయ్య పక్షాన ఒక సాక్ష్యం దొరికిందనుకున్నాను.

కానీ గోడల మీద రాతలు వేరే కథ చెప్పాయి. ఆ కథకు ముందు, ఆ రాతలు చదివిన ఒక బడిపంతులు కథ చెప్పాలి.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు మనందరికీ తెలుసు. మనం మాట్లాడే భాషలోనే రాసుకునే భాగ్యం కలిగించిన వాళ్ళలో ఆయన మొదటి వరసలో ఉంటారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన పుట్టింది 1863లో, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, గురువనేవాడు లేకుండా పాత లిపులు తనకు తానే నేర్చుకున్నారు. ఆ రోజుల్లో చరిత్రకారులకు ఒక చిక్కు ఉండేది. గాంగుల శాసనాల్లో మాటిమాటికీ కనిపించే కళింగ నగరం ఏ ఊరు? చాలామంది కళింగపట్నం అన్నారు. అనరా మరి? పేరులోనే కళింగ ఉంది. వంశధార సముద్రంలో కలిసే చోటు. రేవు కూడా ఉంది. రాజధాని అనిపించుకోవడానికి ఇంకేం కావాలి?

రామమూర్తిగారు పేరు చూడలేదు. ముఖలింగం గుళ్ళో స్తంభాల మీదా గోడల మీదా ఉన్న రాతల్ని ఓపిగ్గా చదివారు. కళింగ నగరం ఈ ముఖలింగమేనని 1890లలో వాదించి వ్యాసాలు రాశారు. చరిత్రకారులు ఒప్పుకున్నారు. అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషేకం చేసుకున్నది ఈ రాజ్యానికే. తర్వాత ఆయన ఉత్కళాన్ని గెలిచాడు, రాజధాని కటకానికి మారింది, పూరీ జగన్నాథుని గుడి మొదలైంది. ఇక్కడ మూడు గుళ్ళూ ఏరూ మిగిలాయి.

మామయ్యను మోసం చేసిన దళారికి కూడా తెలిసిన రహస్యం ఇదే. పేరు బాగుంటే మనం ఆనవాళ్ళు చూడం. కళింగపట్నం అనగానే కళింగ నగరం, కపిల అనగానే దేశవాళీ.

ఇంతకీ ఆ రాళ్ళ మీద ఏముంది? యుద్ధాలూ విజయాలూ ఉంటాయనుకుంటాం. చాలా వాటిలో ఉన్నవి దీపాలు! ఫలానావారు ఫలానా శకసంవత్సరంలో మధుకేశ్వరుడికి అఖండదీపం పెట్టారు, చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం వెలగాలి. ఇదీ ధోరణి. మా అమ్మ కోరిన కోరికనే సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే కోరుకున్నవాళ్ళ పట్టీ అది.

అయితే దీపం వెలిగించడం ఒక పూట పని, వెలుగుతూ ఉండేలా చూడడం తరతరాల పని. దానికి ఆ కాలంవాళ్ళు వేసిన ఎత్తు ఆంధ్రదేశమంతటా శాసనాల్లో కనిపిస్తుంది. కొందరు మాడలు, అంటే బంగారు నాణేలు ఇచ్చేవారు. కొందరు మందను ఇచ్చేవారు. దాక్షారామం శాసనాలు చూడండి. ఒక దీపానికి 50 గొర్రెలు ఇవ్వడం అక్కడ రివాజు. ఆ గొర్రెల్ని ఒక బోయ అప్పగింత తీసుకుంటాడు. అతనూ, అతని తర్వాత అతని పిల్లలూ రోజుకు మానెడు నెయ్యి చొప్పున గుడికి పోయాలి. అవునండీ, గొర్రె నెయ్యే! తర్వాత ఈ సంగతి చెబితే అత్త ముక్కు మీద వేలేసుకుంది. తమిళ దేశంలో ఇలాంటి మందకు చావూ ముసలితనమూ లేని గొర్రెలని పేరు. అంటే గొర్రె చావదని కాదు. చచ్చినదాని స్థానంలో దాని పిల్లను చేర్చి లెక్క తగ్గకుండా చూసుకోవాలని ఒప్పందం.

ఈ దీపాల శాసనాల గురించి నేను చదివినంతలో ఉన్నవివే. ఎన్ని జీవాలు, ఎవరు కాస్తారు, రోజుకెంత నెయ్యి. ఏ జాతి జీవాలన్న మాట లేదు. అంటే వాళ్ళకు జాతి తెలీదని కాదు. మంచి ఆవుకీ ఒట్టి ఆవుకీ తేడా మనకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. కానీ రాతిలో చెక్కించుకోవలసినంత ముఖ్యమైనది కాస్తానన్న మనిషి మాట.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మామయ్య ఊరుకుంటారా? “అప్పట్లో ఉన్నవన్నీ దేశవాళీ ఆవులే. వేరే రాయాల్సిన అవసరం ఏముంది?” అన్నారు. ఆ మాటా నిజమే. అందుకని ఈ జాతుల పేర్లు ఎప్పుడు పుట్టాయా అని తీరిగ్గా పుస్తకాలు తిరగేశాను. చూద్దును కదా, ఆవుల పేర్లకీ ఆవులకీ సంబంధం తక్కువ, జిల్లా సరిహద్దులకీ ఆవుల పేర్లకీ సంబంధం ఎక్కువ!

మన ఒంగోలు ఆవునే తీసుకోండి. ఇంగ్లీషువాళ్ళు పశువుల మీద రాసిన పాత పుస్తకాల్లో అది నెల్లూరు ఆవు. ఎందుకంటే అప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి ఒంగోలు అందులోకి వెళ్ళింది. ఆవు పేరూ నెమ్మది మీద ఒంగోలైంది. కానీ అంతకుముందే 19వ శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళిన వాటికి ఈ మార్పు సంగతి ఎవరు చెబుతారు? అక్కడ కోట్ల సంఖ్యలో పెరిగి, ఇవాళ్టికీ నెలోర్ అనే పిలిపించుకుంటున్నాయి. 1962లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి ఒక ఆబోతు వెళ్ళింది. దానికి అక్కడ ఊరి పేరే పేరైపోయింది, బ్రెజిల్ మందల్లో దాని సంతానం లెక్కలేనంత.

ఇక మా వైపు సంగతి. ముఖలింగం 1936 దాకా గంజాం జిల్లాలో, పర్లాకిమిడి జమీందారీలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, ముఖలింగం ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. గంజాం వైపు చిన్న తెల్లావులకు గుంసూరు సీమ పేరిట ఘుముసరి అని పేరుంది. పడమటి కొండల్లో మల్కనగిరి వైపు ఎర్రటి పొట్టి ఆవులకు మోటు అని పేరుంది. హర్యానాలో కర్నాల్‌లో ఉన్న జాతీయ సంస్థ పుస్తకంలో ఈ రెంటికీ చోటు దొరికింది. గీతకు ఇటు పక్కన మా గట్ల మీద మేసే చిన్నావు మాత్రం లెక్కల్లో “ఏ జాతీ కానిది”. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులూ ఎద్దులూ కలిసి 19 కోట్ల పైచిలుకు. అందులో 5 కోట్లు విదేశీ రక్తం ఉన్నవి. తక్కినవాటిలో ఎక్కువ భాగం ఇలా పేరు లేనివే.

పేరు లేనిదాన్ని కాపాడమని ఎవరు అడుగుతారు? పాలు ఒకటిన్నర లీటరు. కానీ ఎండకు సొమ్మసిల్లదు, గడ్డీ గాదం తిని బతుకుతుంది, దాని కోడె బురద చేలో నాగలి లాగుతుంది. ట్రాక్టరు వచ్చి ఆ పని కూడా పోయింది. మా అమ్మమ్మ కాలంలో వీటికి జాతి పేర్లు లేకపోయినా పిలుపు పేర్లు ఉండేవి. మైలావు, పుల్లావు, కర్రావు, బొల్లావు. రంగుని బట్టి పేరు, పేరుని బట్టి మర్యాద. ఇప్పుడు ఆ రంగులూ ఊళ్ళలో పలచబడ్డాయి. మామయ్య బాధలో న్యాయం లేకపోలేదు.

మరి జెర్సీ? అది మొదట ఒక దీవి పేరు. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో బుల్లి దీవి, మన మండలమంత ఉంటుందేమో. తమ ఆవు జాతి కలుషితం కారాదని ఆ దీవివాళ్ళు 1789లో బయటి ఆవులు అడుగుపెట్టకుండా చట్టం చేసుకున్నారు. 2008 దాకా ఆ పట్టు విడవలేదు. అలా తమ వాకిలి మూసుకున్నవాళ్ళ ఆవు ప్రపంచమంతటి వాకిళ్ళలోకీ వచ్చింది! 1960ల నుంచి మన ప్రభుత్వాలు సంకర జాతి పశువుల్ని పెంచమని ప్రోత్సహించాయి. ఒళ్ళు చిన్నది, మేత తక్కువ, వెన్న ఎక్కువ గనక మన కోస్తా పల్లెల్లో జెర్సీ కలిసొచ్చింది. పదిహేను రోజులకోసారి ఆడవాళ్ళ చేతికి పాలడబ్బులు రావడం ఈ ఆవుతోనే పెరిగింది. మా అత్త కూతురి కాలేజీ ఫీజు అలా కట్టిందే. దాన్ని ఆవు కాదనడానికి నాకు నోరు రాలేదు.

రెండో రోజు డాక్టరమ్మ దూడను చూడ్డానికి మళ్ళీ వచ్చినప్పుడు ఊరికే అడిగాను. “దీని తల్లి కూడా జెర్సీయే అంటారా?”

“అబ్బే, ఎక్కడైనా మొదలు నాటావే అయ్యుంటుందండీ. తల్లి కాకపోతే అమ్మమ్మ. విదేశాల నుంచి పల్లెలకు ఆవులు రాలేదు కదా, ఇంజెక్షనుగా ఆబోతు బీజం వచ్చింది. ఆడవైపు వరస ఇక్కడిదే” అంది.

ఆ అమ్మాయి మామూలుగా అన్న ఆ మాట నన్ను పట్టుకుంది. జాతి పేరు ఆబోతు వైపు నుంచి వస్తోంది. తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వ ఈ ఏటి నీళ్ళే తాగి, ఈ గట్ల మీదే మేసినవాళ్ళయినా ఆవుని మాత్రం జెర్సీ అంటారు. ఇది మనకు కొత్తా? పెళ్ళినాటితో నా ఇంటిపేరు మారిపోయింది. అమ్మ ఇంటిపేరు అంతకు ముందే మారింది. అమ్మమ్మ పుట్టింటి పేరు ఏమిటని అడిగితే మనలో ఎంతమంది తడుముకోకుండా చెప్పగలం? అయినా నా చేతి పప్పుచారు అమ్మమ్మ పప్పుచారే. అలాగే జెర్సీ ఈ ఆవుకి ఇంటిపేరు. పుట్టిల్లు వంశధార ఒడ్డు.

ఈ మాట వంటింట్లో అత్తతో అన్నాను. ఆవిడ పోపు వేస్తూ నవ్వింది. నవ్వి, అసలు సంగతి అప్పుడు చెప్పింది.

“మీ అమ్మ పెళ్ళి కాకముందు ప్రతి సోమవారం ముఖలింగం గుడికి ఇత్తడి గిన్నెలో నెయ్యి పట్టుకెళ్ళేదట. మీ అమ్మమ్మ చెప్పేది. ఒకసారి ఇంట్లో ఆవు వట్టిపోయింది. షాపులో నెయ్యి తెప్పించి పంపబోతే మీ అమ్మ ఒప్పుకోలేదట. మన సాలలో ఆవు ఈనేదాకా నువ్వులనూనె పడతాను గానీ, మనం గడ్డి వెయ్యని ఆవు నెయ్యి పట్టనందట. మన ఆవంటే అదే అమ్మాయ్. మనం కుడితి పెట్టిన ఆవు.”

“మరి మామయ్యకు ముందే చెప్పొచ్చు కదా!” అన్నాను.

“ఆయన సంతనుంచి ఎంత సంతోషంగా వచ్చారో నువ్వు చూడలేదు” అంది అత్త.

సాలలో గడ్డి వేసే ముసలాయన తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. “మరేటండి! ఏ ఆవైతే ఏటి? మనం సూసుకుంటే మనదవద్దా?” అన్నాడు. వెనకాల మామయ్య కూడా ఉన్నారని మేం చూడలేదు. ఆయన ఏమీ అనలేదు. మెడలో తువ్వాలు తీసి దులుపుకుని, నేరుగా సాలలోకి వెళ్ళి, ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆవు తల తిప్పి ఆయన మోచెయ్యి నాకింది.

సంవత్సరీకం నాడు మజ్జిగ చిలికి తీసిన వెన్న కాచి, ఆ నేతితో అమ్మ పేరున దీపం పెట్టి వచ్చాం. ఇత్తడి గిన్నె అమ్మ వాడినదే, అటక మీంచి దింపి అత్త చింతపండుతో తోమింది. సోమవారం సోమవారం నెయ్యి తీసుకెళ్ళే బాధ్యత ఇప్పుడు మామయ్యది. శాసనం చెక్కించలేదు గానీ, వంటింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటున్నారు.

అంతటితో ఆయన ఓటమి ఒప్పుకున్నారనుకునేరు. పోయిన నెల అత్త ఫోను చేసింది. పొరుగూళ్ళో ఎవరో మేపలేక అమ్మేస్తుంటే ఒక తెల్ల పెయ్యను కొనుక్కొచ్చారట. బుల్లి కొమ్ములు, వీధి గుమ్మంలోంచి కనిపించే మూపురం. ఈసారి కొనే ముందు డాక్టరమ్మకు ఫోనులో ఫొటో పంపి అడిగారట కూడానూ. జాతి ఏమిటంటే, “పేరు లేదండీ, ఇక్కడిదే” అందట ఆ అమ్మాయి.

“మరి మీరేమని పిలుస్తున్నారు?” అని అడిగాను.

“మీ మామయ్య అమ్మ పేరు పెడదామన్నారు. నేనే వద్దన్నాను. రేపు అది తొట్టి తన్నేస్తే ఆ పేరు పెట్టి తిట్టలేం కదా! తెల్లమ్మ అంటున్నాం” అంది అత్త. రెండూ ఒకే తొట్టిలో తాగుతున్నాయట.